రెల్లులో నిండు డబ్బా

దూదక్క అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఆమె, ఆమె భర్త ఇద్దరూ పరుపులు కుట్టేవాళ్ళు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. ఆయన విల్లు పట్టి దూది ఏకుతుంటే ఆ తీగ మోత వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించేది. ఏకిన దూదిని ఆమె గలేబులో కూరి, పొడుగాటి కర్రతో కొట్టి సర్ది, దబ్బనంతో కుట్టేది. సాయంత్రమయ్యేసరికి జుట్టు మీద, కనుబొమ్మల మీద, ఆఖరికి కనురెప్పల మీద కూడా దూది పేరుకునేది.

"మా అందరికీ ముసలితనం ఒక్కసారే వస్తుంది. నీకు మాత్రం రోజూ వచ్చి పోతుందే!" అని తోటికోడలు నవ్వేది.

ఆ తోటికోడలు రెండు గదుల అవతల ఉండేది. ఆమె భర్త, అంటే దూదక్కకి బావగారు, సరుకుల గోడౌన్ దగ్గర రాత్రి కాపలా కాసేవాడు. ఎండ ఎక్కాక గానీ ఇల్లు చేరేవాడు కాదు. వాళ్ళకి పన్నెండేళ్ళ కూతురు. వీధిలో ఆడవాళ్ళంతా తోటికోడలిని అలారమక్క అని పిలిచేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆ వీధిలో ఏ గదికీ మరుగుదొడ్డి లేదు. గదులు కట్టించిన యజమాని కిటికీలకి రంగు వేయించాడు గానీ ఆ సంగతి మాత్రం మర్చిపోయాడు. మగవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు కాలువ గట్టుకి పోయేవాళ్ళు. ఆడవాళ్ళకి మాత్రం వెలుగు రాకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. అదీ వీధి వెనక బయలులోకి. అక్కడ ఒకప్పుడు మిల్లు ఉండేది. యంత్రాలు ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు, కప్పు ఎప్పుడో కూలింది. విరిగిన ప్రహరీ, మనిషి ఎత్తు రెల్లు మిగిలాయి. పొద్దునకీ సాయంత్రానికీ మధ్య ఎంత అవసరం వచ్చినా పళ్ళ బిగువున ఓర్చుకోవాల్సిందే.

అందరికంటే ముందు లేచేది తోటికోడలే. శాలువా కప్పుకుని, నీళ్ళ డబ్బా పట్టుకుని, ఒక్కో గది కిటికీ రెక్క మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చేది. మూడు సార్లు వరసగా, కాస్త ఆగి మరొక్కసారి. ఆ చప్పుడు వింటే నిద్రలో ఉన్నవాళ్ళు కూడా "వస్తున్నా, వస్తున్నా" అనేవాళ్ళు. ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదన్నది ఆమె పెట్టిన కట్టుబాటు. పాములున్నాయి, టార్చిలైట్లు వేసే పోకిరీలున్నారు, ఆ పైన ఆ బయలు కూడా ఉంది.

ఆ బయలు సంగతి చెప్పమంటే ఎవరికీ సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. ప్రహరీ దాటేదాకా నవ్వుకుంటూ, అత్తల్ని ఆడిపోసుకుంటూ నడిచే ఆడవాళ్ళు రెల్లులో అడుగు పెట్టగానే నోళ్ళు కట్టేసుకునేవాళ్ళు. చలికాలంలో అయితే మంచు నడుముల దాకా పాకేది. తెల్లటి రెల్లుపూలు తలల మీద, తెల్లటి మంచు కాళ్ళ కింద, మధ్యలో మనిషి ఎక్కడుందో మనిషికే తెలిసేది కాదు. వెంట వచ్చే వీధి కుక్కలు కూడా ఒక చోటుదాకా వచ్చి, అక్కడి నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేవి. అడ్డంగా నడిచిన కుక్క ఒక్కటీ లేదు.

"వాటికేం కనిపిస్తోందో మనకేం తెలుసు, నడవండి" అనేది తోటికోడలు. ఆమె భయపడేది కాదు. కాకపోతే ఆమె కూడా చుట్టూ తిరిగే వెళ్ళేది.

ఆ ఏడు చలికాలంలో ఒక సాయంత్రం ఆమెకి కడుపు చెడింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గ్లాసుతో పట్టుకెళ్ళి ఇచ్చింది దూదక్క.

"రేపు నువ్వు పడుకో అక్కా, నేను లేపుతాలే అందరినీ."

"నువ్వు లేపుతావా? నీ మీద పరుపు వేసి కుట్టేసినా లేవవు నువ్వు" అని నీరసంగానే నవ్వింది తోటికోడలు.

మర్నాడు తోటికోడలు మామూలుగానే కిటికీలు కొట్టింది. అందరితో పాటు వెళ్ళింది, అందరితో పాటు వచ్చింది. గదికి వచ్చాక మళ్ళీ కడుపులో తిప్పింది కాబోలు. అప్పటికి తూర్పున కాస్త బూడిద రంగు వచ్చింది. మంచు ఇంకా విడలేదు. ఇప్పుడే వెళ్ళొచ్చిన వాళ్ళని మళ్ళీ లేపడం మొహమాటమనిపించిందో ఏమో, ఆమె ఎవరి కిటికీ కొట్టలేదు. డబ్బా నింపుకుని ఒక్కతే వెళ్ళింది. చివరి గది ముందు కూర్చుని దగ్గుతున్న ముసలమ్మ ఆమెను చూసింది. "శాలువా వీపు కనిపించింది, తర్వాత మంచు కనిపించింది" అని ముసలమ్మ తర్వాత ఎంతమందికో చెప్పింది. ముసలమ్మకి చూపు సగమే కాబట్టి ఆ మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఎండ వచ్చింది. తోటికోడలు రాలేదు.

"పిన్నీ, అమ్మ మీ ఇంటికొచ్చిందా?" అని కూతురు వచ్చి అడిగాక గానీ దూదక్కకి తెలియలేదు. వీధంతా బయలుదేరింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు రెల్లుని చేతులతో విడదీసుకుంటూ కేకలు వేశారు. కేకలు ప్రహరీకి తగిలి తిరిగి వచ్చాయి. వాటితో పాటు ఇంకేమీ రాలేదు.

డబ్బా దూదక్కకే కనిపించింది. రెల్లు మొదళ్ళ మధ్య తడి నేల మీద తిన్నగా నిలబెట్టి ఉంది. అంచుదాకా నీళ్ళున్నాయి, ఒక్క చుక్క తొణకలేదు. పైన ఒక రెల్లుపువ్వు ఈక రాలి, కదలకుండా తేలుతోంది. చుట్టూ నేల మీద పెనుగులాట లేదు, ఈడ్చిన గుర్తు లేదు. ఎవరో జాగ్రత్తగా కింద పెట్టి, ఇప్పుడే వస్తానని పక్కకి వెళ్ళినట్టుంది.  దూదక్కకి డబ్బాని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. ఆమెకి ఎవరితోనైనా గొడవలున్నాయా అని అడిగారు. అంతలో ఎవరికో గుర్తొచ్చింది: పంపు దగ్గర లారీ ఆపి, నీళ్ళు పట్టుకుంటూ ఆడవాళ్ళతో పరాచికాలాడే గడ్డం డ్రైవరు ఆ తెల్లవారుజామునే సరుకుతో వెళ్ళిపోయాడు. ఇక చూడండి. పొద్దున గుసగుసగా ఉన్నది మధ్యాహ్నానికి మాటయింది, సాయంత్రానికి నిజమైపోయింది. నెల తిరగక ముందే ఆ డ్రైవరు ఒంటరిగా తిరిగి వచ్చి, తనకేమీ తెలియదని మొత్తుకుని, నాలుగు దెబ్బలు తిని పోయాడు. అయినా మాట మారలేదు. "ఎక్కడో దింపేసి ఉంటాడు" అన్నారు.

బావగారికి తల కొట్టేసినట్టయింది. భార్య బట్టలన్నీ మూట కట్టి అటక మీదకి విసిరాడు.

"ఆమె అలాంటిది కాదు బావగారూ" అంది దూదక్క.

"అలాంటిది కాకపోతే ఎక్కడుంది? చూపించు అమ్మాయ్, చూపించు!" అని ఆయన అరిచాడు.  దూదక్క పిల్లని చెయ్యి పట్టుకుని తన గదికి తెచ్చుకుంది.

కిటికీ చప్పుడు మొదలైంది ఆ తర్వాతే.

ఒక తెల్లవారుజామున దూదక్క నిద్రలో విన్నది. మూడు సార్లు, కాస్త ఆగి ఒకసారి. "వస్తున్నా అక్కా" అంటూ అలవాటుగా లేచి, శాలువా కూడా కప్పుకుని, అప్పుడు గుర్తొచ్చి గది మధ్యలో కొయ్యలా నిలబడిపోయింది. కిటికీ తీసి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. భర్తని లేపింది.

"గాలికి రెక్క కొట్టుకుంటోంది. పడుకో" అన్నాడాయన. దూదక్క రెక్కకి దూది ముక్క కుక్కింది. మర్నాడు చప్పుడు మెత్తగా వచ్చింది. రావడం మాత్రం వచ్చింది.

ఎవరితోనూ చెప్పలేదు. చెబితే పిచ్చి పట్టిందంటారు. ఒకరోజు పంపు దగ్గర, ఎదురు గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ బిందె కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"దూదక్కా, ఒక మాట అడుగుతా, నవ్వకు. మా కిటికీ... పొద్దున్నే..."

ఆమె ముగించక ముందే పక్కనున్న ఇంకొకావిడ బిందె చేతిలోంచి జారింది. "మీక్కూడానా?" అంది. చూస్తే, అక్కడున్న ప్రతి ఆడదీ విన్నదే. ఎవరికి వాళ్ళు తమకొక్కరికే వినిపిస్తోందనుకుని, కడుపులో పెట్టుకుని కూర్చున్నారు. మగవాళ్ళలో ఒక్కడికీ వినిపించలేదు. పంపు ధార ఆగకుండా కారుతూనే ఉంది, కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి రెల్లులోకి ఎవరూ వెళ్ళలేదు. ఆమెని తీసుకుపోయిన నేల, ఇప్పుడు మిగతావాళ్ళని ఆమె చేత పిలిపిస్తోందన్నారు.

మరి అవసరం ఆగుతుందా? గదుల వెనక మురుగు కాలువ పక్కన దుప్పట్లు అడ్డం పట్టుకున్నారు. గదుల డాబా మీద మూలల్లో కూర్చున్నారు. కాగితాల్లో చుట్టి, కళ్ళు మూసుకుని గోడ అవతలికి విసిరారు. వీధిలో ఈగలు ముసిరాయి. వాన పడితే అదంతా కొట్టుకుని పంపు చుట్టూ మడుగు కట్టేది. అదే పంపు నీళ్ళు అందరూ తాగేవాళ్ళు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ముసలమ్మ పక్క గదిలో ఏడాది నిండని పసివాడు రెండు రోజుల్లో వాడిపోయి, మూడోనాడు కన్ను తెరవలేదు. వాడి తల్లి ఏడవలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. "మనం వెళ్ళలేదని, తనే వచ్చి తీసుకెళ్ళింది" అంది నెమ్మదిగా.  ఆ మాటకి దూదక్కకి కోపం వచ్చింది. పరాయి పిల్లాడికి జ్వరం వస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చునే మనిషి మీద ఇంత మాటా?

అంతలో తోటికోడలి పిల్ల మంచం పట్టింది. వణుకుతో జ్వరం, నడుము నొప్పి, ఒంటేలుకి పోతే మంట. దూదక్క ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్ల కళ్ళు, నాలుక చూసింది.

"నీళ్ళు తాగట్లేదా నువ్వు?"

పిల్ల తల వంచుకుంది.

"దాహం వెయ్యట్లేదా?"

"వేస్తుంది" అంది పిల్ల. "తాగితే వెళ్ళాలిగా."

డాక్టరమ్మ పిల్ల గడ్డం పట్టి తల పైకెత్తింది. తర్వాత మందులు రాసింది. నీళ్ళు తాగకపోతే మళ్ళీ ఇదే వస్తుందని, ఈసారి ఇంకా గట్టిగా వస్తుందని చెప్పింది. తిరిగి వచ్చే దారిలో పిల్ల అడిగింది:

"పిన్నీ, అమ్మ లారీలో వెళ్ళిపోయిందా, రెల్లులో ఉందా? బడిలో లారీ అంటున్నారు. పంపు దగ్గర రెల్లు అంటున్నారు."

"నీకేమనిపిస్తోంది?"

"లారీ అయితే బాగుండు" అంది పిల్ల. "అప్పుడు ఎక్కడో ఉన్నట్టేగా."

దూదక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, భర్త గలేబు గుడ్డ కొనడానికి బజారుకి వెళ్ళిన సమయంలో, దూది కొట్టే పొడుగాటి కర్ర తీసుకుని ప్రహరీ దాటింది. పట్టపగలు ఆడవాళ్ళెవరూ అక్కడ అడుగు పెట్టేవాళ్ళు కాదు. దూదక్క పట్టించుకోలేదు.

చీకట్లో ఆ బయలుని చూసి భయపడిన మనిషికి ఎండలో మరీ భయమేసింది. ఎండాకాలం మొదలైంది. నేల పగుళ్ళు తీసింది. గాలి లేదు. అయినా రెల్లు ఎండుటాకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ, పక్క గదిలో ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు సవ్వడి చేస్తున్నాయి. పిట్ట లేదు. ఆమె పగలంతా చేతులతో తడిమే దూదిలాంటివే ఆ రెల్లుపూలు, కానీ ఆ తెలుపు ఒంటికి తగలకుండా ఆమె పక్కకి తప్పుకుంటూ నడిచింది. కర్రతో ముందు నేల పొడిచి చూసుకుంటూ, డబ్బా దొరికిన చోటుదాకా వెళ్ళింది. అక్కడ నిలబడి తలెత్తితే ఒకటి కనిపించింది.

బయలంతా రెల్లు ఎండి పసుపు తిరిగింది. కాస్త అవతల మాత్రం పచ్చగా ఉంది. ఆ పచ్చదనం గుండ్రంగా లేదు, అడ్డదిడ్డంగా లేదు. గది నేలలాగా, నాలుగు మూలలతో, గీత గీసినట్టుంది. కుక్కలు చుట్టూ తిరిగి వెళ్ళింది దాని చుట్టూనే.

దూదక్క నాలుగడుగులు వేసి ఆగింది. కర్ర చాచి కొట్టింది. అంతదాకా మట్టి మీద మొద్దుగా వచ్చిన చప్పుడు మారిపోయింది. బోలుగా, తలుపు మీద కొట్టినట్టు వచ్చింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, ఆమె చెయ్యి దానంతటదే మూడు సార్లు కొట్టి, కాస్త ఆగి, మరొక్కసారి కొట్టింది.

కింద నుంచి తిరిగి వచ్చింది. మూడు. కాస్త ఆగి, ఒకటి.

ఖాళీ తొట్టిలో మోత అలాగే తిరిగి వస్తుందని తర్వాత అందరూ చెప్పారు. నిజమే కావచ్చు. ఆ క్షణంలో మాత్రం దూదక్క కిందికి వంగి, "వస్తున్నా అక్కా" అంది. అక్కడి నుంచి పరిగెత్తలేదు. పరిగెత్తితే నేల విరుగుతుందని, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచింది.

బావగారు అప్పుడే నిద్ర లేచి మొహం కడుక్కుంటున్నాడు.

"రండి బావగారూ. తాడు తీసుకురండి."

"ఎక్కడికి?"

"ఆ రోజు చూపించమన్నారుగా. చూపిస్తాను."

ఆయన మొహం తుడుచుకోవడం ఆపేశాడు. "లేచిపోయిన దాని కోసం నన్ను తాడు పట్టుకుని తిరగమంటావా?"

"మీరు రాకపోతే నేనే దిగుతాను. మళ్ళీ నేనూ లేచిపోయాననే అనుకోండి" అంది దూదక్క. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆయన తాడు తీసుకుని వెంట నడిచాడు.

వీధి మగవాళ్ళు వచ్చారు. ఒక అంచున రెల్లు కోసి, పైన పేరుకున్న మట్టి తీస్తే కింద వెడల్పాటి చెక్క పలకలు బయటపడ్డాయి. అది మిల్లు నడిచే రోజుల్లో కూలీల మరుగుదొడ్ల కింద కట్టిన పెద్ద తొట్టి. దొడ్లు కూలగొట్టినప్పుడు దాన్ని పూడ్చలేదు, పలకలు పరిచి వదిలేశారు. ఏళ్ళ తరబడి దుమ్ము పడి, దాని మీదే రెల్లు మొలిచింది. ఒక పలక నడుమ కింద ఇనుప కడ్డీ ఉంది. ఒక చివర తొక్కితే ఆ చివర కిందికి వాలి, బరువు జారిపోగానే తిరిగి లేచి, ఏమీ జరగనట్టు మూసుకుంటోంది. ఒకతను కర్రతో నొక్కి చూపించాడు. పలక నోరు తెరిచింది, మూసుకుంది. పైనున్న పచ్చటి రెల్లు ఒకసారి ఊగి, మళ్ళీ తిన్నగా నిలబడింది.  ఆమెను వెతికిన పొద్దున్న వాళ్ళంతా దీనికి చెయ్యి చాచేంత దూరంలోనే కేకలు వేస్తూ తిరిగారు.

"విషపు గాలి ఉంటుంది, ఎవరూ దిగొద్దు" అని అరిచి పోలీసులకి కబురు పెట్టారు. ఫైర్ వాళ్ళు వచ్చి, ఊపిరి గొట్టాలు పెట్టుకుని దిగారు. ముందు శాలువా పైకి వచ్చింది. బావగారు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వాసనకి అందరూ ముక్కులు మూసుకున్నారు, ఆయన మూసుకోలేదు. శాలువా మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి, అలా చేస్తూనే ఉండిపోయాడు. ఆ తర్వాత ఆమెను పైకి తెచ్చారు. పిల్ల చూడకుండా ఇస్త్రీ ఆవిడ ఇంటికి తీసుకెళ్ళింది.

అంతా అయిపోయిందనుకున్నారు. దిగినతను మళ్ళీ పైకి వచ్చి, మొహం తొడుగు తీసి, చెమట తుడుచుకుని అడిగాడు:

"తప్పిపోయింది ఒక్కరేనా?"

"ఒక్కరే" అన్నారు.

"కింద ఇంకొకరున్నారు."

అతని చేతిలో తుప్పు పట్టి జల్లెడైపోయిన ఒక డబ్బా ఉంది. రెండో మనిషివి ఎముకలే మిగిలాయి. ఏళ్ళనాటివని పోలీసు డాక్టరు చెప్పాడు. ఆడమనిషే. వయసు చిన్నది. చేతికి తీగ గాజు ఒకటుంది. ఎవరో ఏమిటో పోలీసులు చుట్టుపక్కలంతా అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. చివరి గది ముసలమ్మ మాత్రం దగ్గు ఆపుకుని చెప్పింది.

"ఈ గదులు లేనప్పుడు ఇక్కడ గుడిసెలుండేవి. ఆ ఆడవాళ్ళూ రెల్లులోకే పోయేవాళ్ళు. ఒక పిల్ల ఎవడితోనో పోయిందని అప్పుడూ అన్నారు." కర్ర మీద ఆనుకుని, "వెతకలేదు" అంది.

ఇద్దరినీ పక్కపక్కనే పాతిపెట్టారు. అలా పెట్టాలని దూదక్కే పట్టుబట్టింది. "అన్నాళ్ళు ఒక్కతే ఉంది. తర్వాత మా అక్క తోడు దొరికింది. ఇప్పుడు విడదీస్తే ఎలా?" అంది. కిటికీ చప్పుడు ఆ రోజుతో ఆగిపోయిందని వీధిలో సగం మంది అంటారు. ఇంకో వారం వినిపించిందని మిగతా సగం అంటారు. ఈ రెండో సగం మరో మాట కూడా అంటారు. ఆ వారం రోజులూ కొట్టింది అక్క చెయ్యి కాదట. ఆ చప్పుడు చిన్నగా, అలవాటు లేని వేళ్ళతో కొట్టినట్టు ఉండేదట. దూదక్కని అడిగితే దబ్బనంలో దారం ఎక్కించుకుంటుంది.

బావగారు అటక మీది మూట దించి, భార్య బట్టలన్నీ ఉతికి ఆరేశాడు. ఆరిన బట్టల మధ్య కూర్చుని కూతురిని పిలిచాడు. ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు. బయటికి వచ్చాక పిల్ల, "నాన్న లారీ కాదన్నాడు పిన్నీ" అని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత దూదక్క యజమాని ఇంటికి వెళ్ళింది. ఒక్కతే వెళ్ళలేదు, వీధి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. పోలీసు కేసు భయంతో అప్పటికే సగం మెత్తబడ్డ యజమాని, జాగా ఉంటే కట్టుకోండన్నాడు. జాగా ఎక్కడుంది? పంపుకి దూరంగా, గొయ్యి తవ్వడానికి వీలున్న చోటు ఒక్కటే, దూదక్క దూది బస్తాలు పెట్టుకునే రేకుల పాక. వానకి తడిస్తే దూది పాడైపోతుందని భర్త గొణిగాడు. "మంచం కింద పెట్టుకుందాం, మంచం మీద పెట్టుకుందాం, మనం దూది మీద పడుకుందాం. ఊళ్ళో వాళ్ళందరికీ మెత్తటి పరుపులు కుట్టి చాప మీద పడుకుంటున్నాం, ఇన్నాళ్ళకి ఆ వంకనైనా..." అంది ఆమె. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు. పాక పీకేశారు. మున్సిపాలిటీ వాళ్ళు ఇటుకలిచ్చారు, మగవాళ్ళు తవ్వారు, తాపీమేస్త్రీ సిమెంటు పలక పోశాడు. రెండు దొడ్లు, రెండు తలుపులు, లోపల గడియ.

కట్టడం అయితే అయింది గానీ, ఒక్క ఆడది లోపలికి వెళ్ళలేదు. తలుపు దగ్గరికి వచ్చి, కాళ్ళ కింద గొయ్యి ఉందని గుర్తొచ్చి, వెనక్కి పోయేవాళ్ళు. పిల్ల గడప మీద నిలబడి సిమెంటు పలకని చూస్తూ అడిగింది:

"పిన్నీ, ఇది తిరగదుగా?"

దూదక్క లోపలికి వెళ్ళి పలక మధ్యలో నిలబడింది. ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. ఆమె ఏమంత సన్నటి మనిషి కాదు. "ఏమండీ, మీరూ రండి" అని భర్తని లాగింది. "బావగారూ, మీరు కూడా." ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు. ఇస్త్రీ ఆవిడ వచ్చింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లి వచ్చి, ఒక కాలు పెట్టి, తర్వాత రెండో కాలు పెట్టింది. లోపల నిలబడేందుకు చోటు లేక ఒకరి మీద ఒకరు ఆనుకున్నారు. "ఓసి మీ దుంపతెగ, ఎవరో నా కాలు తొక్కుతున్నారు!" అని అరుపులు. ముసలమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, "ఒసే దూదమ్మాయ్, నన్నూ ఎక్కించండే. ఇంతమంది బరువూ ఓర్చినది నాకేం విరుగుతుంది!" అంది. పలక కదల్లేదు.

అందరూ బయటికి వచ్చాక పిల్ల ఒక్కతే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. వీధంతా తలుపు ముందే నిలబడిపోయింది. కాసేపటికి లోపల నుంచి కోపంగా గొంతు వచ్చింది.

"మీరంతా అక్కడే ఉంటే నాకెలా వస్తుంది? వెళ్ళండి!"

నవ్వుకుంటూ అందరూ చెదిరిపోయారు. దూదక్క మాత్రం కదల్లేదు. సాయంత్రపు ఎండ తలుపు మీద పడుతోంది. లోపల ఏ చప్పుడూ లేదు. నీళ్ళ చప్పుడు లేదు, కదిలిన చప్పుడు లేదు. ఇంతసేపా?  మూసిన తలుపు అలా మూసినట్టే ఉంది, దాని వెనక ఎవరూ లేరేమో అనిపించింది.

"పిల్లా!" అని గట్టిగా అరిచింది.

అరచేత్తో తలుపు తట్టింది.

"పిల్లా! ఉన్నావా?"

"ఉన్నా పిన్నీ, ఏంటీ!" అని లోపల నుంచి విసుగ్గా వచ్చింది.

అప్పటి నుంచి అదొక అలవాటైపోయింది ఆమెకి. ఇప్పుడా పిల్ల పెద్దదై, ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. ఆ వీధిలో గదులు చాలా మారాయి, కొత్తవాళ్ళొచ్చారు, దొడ్లు ఆరయ్యాయి. పని గదిలో కూర్చుని పరుపు కుడుతున్న దూదక్కకి ఏ గడియ పడ్డ చప్పుడు వినిపించినా చేతిలో దబ్బనం నెమ్మదిస్తుంది. కాసేపు చూస్తుంది. ఆలస్యమైతే తల ఎత్తకుండానే, "ఎవరమ్మా లోపల? ఉన్నావా?" అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట చిరాకేస్తుంది. పక్కవాళ్ళు కారణం చెప్పాక, వాళ్ళు కూడా లోపల నుంచే, "ఉన్నానండీ" అని జవాబిస్తారు. అది విన్నాకే ఆమె మళ్ళీ కుట్టు వేస్తుంది.